మన రేటు, బ్యాంకు లెక్క

నిజాంపేటలోనో మియాపూర్‌లోనో ఓ పాత అపార్టుమెంటు సెల్లారులో పది నిమిషాలు నిలబడితే చాలు, చుట్టుపక్కల ఫ్లాట్ల రేట్లన్నీ చెవిన పడతాయి. మూడో అంతస్తు వాళ్లు కోటి చెప్పారట. వెనక వీధిలో ఈస్ట్ ఫేసింగ్‌ది కోటీ అయిదుకైనా ఇవ్వమన్నారట. అందరూ చెప్పిన రేటు గురించే మాట్లాడతారు. తెగిన రేటు ఎవరి నోటా రాదు. తక్కువకిచ్చాడన్న మాట పడకూడదని అమ్మినవాడు దాస్తాడు. పన్ను భయంతో కొన్నవాడు దాస్తాడు. తర్వాతి బేరం చెడకుండా మధ్యవర్తి దాస్తాడు. అలా అమ్ముడుపోని ఫ్లాట్ల రేట్లే ఆ వీధి రేటుగా చెలామణీ అవుతాయి.

మార్కెట్ ఊపు మీదున్నప్పుడు దీనివల్ల ఎవరికీ పెద్దగా నష్టం లేదు. ఈరోజు అన్యాయమనిపించిన రేటు ఏడాది తిరిగేసరికి మామూలైపోతుంది. తెలంగాణ ఏర్పడ్డాక హైదరాబాద్‌లో చాలాకాలం అదే నడిచింది. దాంతో అంతకుముందు రోజులు జనం మరిచిపోయారు. 2008 ప్రపంచ మాంద్యం నుంచి 2014 దాకా ఇదే నగరంలో ఫ్లాట్ల రేట్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. అవసరం పడ్డవాళ్లు కొన్న రేటుకు అటూ ఇటూగా వదిలించుకున్నారు. అమరావతి అనుభవమైతే మరీ పచ్చిది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే తుళ్లూరు చుట్టుపక్కల ప్లాట్లకు రేటు తగ్గడం కాదు, అడిగే నాథుడే లేకుండా పోయాడు.

హైదరాబాద్‌లో మళ్లీ అలాంటి మందగమనపు గాలి 2024 రెండో సగం నుంచి తగిలింది. ఆ జులైలో చెరువుల ఆక్రమణలను కూల్చే హైడ్రా ఏర్పడింది. ఆగస్టు 24న మాదాపూర్‌లో తమ్మిడికుంట చెరువు పక్కన ఎన్ కన్వెన్షన్ హాలు కూలింది. అప్పటి నుంచి కొనడానికొచ్చినవాడు వాస్తు కంటే ముందు చెరువు ఎంత దూరమో అడుగుతున్నాడు. ఐటీ ఉద్యోగాల మీద నమ్మకం సడలింది. వడ్డీల సంగతి సరేసరి. 50 లక్షల అప్పు ఇరవై ఏళ్లకు తీసుకుంటే, 2021లో 6.7 శాతం వడ్డీకి నెల కిస్తీ దాదాపు 37,900 రూపాయలు. వడ్డీ 8.75 శాతమైతే అదే కిస్తీ 44,200. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటు తగ్గించాక ఈ బరువు కొంత దిగింది గానీ, కొనేవాడి తొందర మాత్రం తిరిగి రాలేదు. అతడిప్పుడు నాలుగు ఫ్లాట్లు చూసి, ఐదోదానికి బేరమాడి, ఇంటికెళ్లి ఆలోచించుకుంటున్నాడు.

అమ్మేవాడి లెక్క వేరే దారిలో నడుస్తుంది. కొన్న ధర, దాని మీద ఇన్నేళ్లు కట్టిన వడ్డీ, ఉడ్‌వర్కుకు పెట్టిన ఆరు లక్షలు, అమ్మాయి పెళ్లికి కావలసిన మొత్తం, కొల్లూరులో కొత్తగా తీసుకున్న ఫ్లాటుకు బిల్డరు అడుగుతున్న వాయిదా. వీటన్నిటినీ కూడితే వచ్చే అంకె ఆ మనిషి అవసరం. ఇంటి ధరకూ దానికీ సంబంధం లేదు. పదేళ్ల కిందటి ఉడ్‌వర్కుకు డబ్బిచ్చే కొనుగోలుదారు ఎవరూ ఉండరు. చాలామంది వచ్చీరాగానే పీకించేస్తారు.

ఇది మన ఒక్కళ్ల బలహీనత కాదు. 1990ల్లో బోస్టన్ నగరంలో ఫ్లాట్ల ధరలు పడిపోయినప్పటి అమ్మకాలను డేవిడ్ జెనిసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2001లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. నష్టానికి అమ్మాల్సి వచ్చినవాళ్లు తాము కొన్న ధరకూ అప్పటి మార్కెట్ ధరకూ మధ్య ఉన్న తేడాలో 25 నుంచి 35 శాతం దాకా కలిపి రేటు చెప్పారని తేలింది. అలా పట్టుబట్టినందుకు చేతికి వచ్చింది మాత్రం ఆ తేడాలో 3 నుంచి 18 శాతమే. పైగా అమ్ముడుపోవడానికి మిగతావాళ్లకంటే ఎక్కువకాలం పట్టింది. మొండికేస్తే కాస్తో కూస్తో గిడుతుందన్నది నిజమే, ఆ పత్రం దాన్ని కాదనలేదు. కాకపోతే అది ఆగగలిగినవాళ్లకు.

ఇక అసలు తగువు. బేరం కుదిరి, టోకెన్ చేతులు మారి, కొనేవాడు బ్యాంకుకు వెళ్లాక మొదలయ్యేది ఇదే. బ్యాంకు తన ప్యానెల్లో ఉన్న వాల్యుయర్‌ను పంపిస్తుంది. ఫీజు కొనేవాడిది. టేపు పట్టుకుని ఒకాయన వస్తాడు, గదులు కొలుస్తాడు, నాలుగు ఫొటోలు తీస్తాడు, వాచ్‌మన్‌నో పక్క ఫ్లాటువాళ్లనో రెండు ప్రశ్నలడుగుతాడు, పావుగంటలో వెళ్లిపోతాడు. ఆ పావుగంట చూసి ఇంటాయనకు చిర్రెత్తుకొస్తుంది. కానీ వాల్యుయర్ పని ఎక్కువగా కాగితాల మీదే నడుస్తుంది. మంజూరైన ప్లాను ఏమిటి, కట్టింది ఏమిటి, భవనం వయసెంత, మనకు రాసిచ్చిన అవిభాజ్య వాటా స్థలం ఎన్ని గజాలు, ఈ మధ్య ఆ చుట్టుపక్కల అమ్మకాలు ఎంతకు జరిగాయి. బాల్కనీ మూసి గది చేసుకుంటే అది మనకు గదే, ఆయనకు ప్లానులో లేని గోడ. జీ ప్లస్ ఫైవ్ మీద లేచిన పెంట్‌హౌస్‌కైతే చాలా బ్యాంకులు అసలు దగ్గరికే రావు. అపార్టుమెంటుకు అనుమతి తీసుకునేటప్పుడు బిల్డరు 10 శాతం నిర్మాణాన్ని మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే దాన్ని విడిపిస్తారు. మన ఫ్లాటు ఆ 10 శాతంలో ఇరుక్కుపోయి ఉందని అమ్మబోయే రోజున తెలుసుకునేవాళ్లు ఉన్నారు.

వాల్యుయర్ రిపోర్టులో సాధారణంగా మూడు అంకెలుంటాయి: మార్కెట్ విలువ, కాస్త తొందరగా అమ్మితే వచ్చే విలువ, గత్యంతరం లేక అమ్మితే వచ్చే విలువ. బ్యాంకు ఒక కన్ను ఎప్పుడూ ఆ మూడో దాని మీద ఉంటుంది. అప్పు తీర్చకపోతే ఆ ఫ్లాటును వేలం వేయాల్సింది తనే మరి. ఇంటాయన ఊహించుకుంటున్నది మంచి రోజు చూసి, మంచి మనిషికి, తీరిగ్గా అమ్మే ఇల్లు. ఇద్దరూ చూస్తున్న ఇల్లు ఒకటే అయినా అమ్మకాలు రెండు.

అంకెల్లో చూద్దాం. 1,250 చదరపు అడుగుల ఫ్లాటు. చెప్పింది 95 లక్షలు, తెగింది 90. వాల్యుయేషన్ 80 వచ్చింది. తెగిన ధర, వాల్యుయేషన్ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే బ్యాంకు అప్పు లెక్కగడుతుంది. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు విలువలో 80 శాతం. అంటే 72 లక్షలు వస్తాయనుకున్నచోట 64 వస్తాయి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఈ లెక్కలోకి రావు. అవి 90 లక్షల మీద 7.5 శాతం, 6 లక్షల 75 వేలు. చేతిలో పాతిక లక్షలు పెట్టుకుని బయల్దేరిన కుర్రాడు ఇప్పుడు 32 లక్షల 75 వేలు చూపించాలి. ‘అంకుల్, వాల్యుయేషన్ తక్కువొచ్చింది, కొంచెం చూడండి’ అని అతడు ఫోన్ చేస్తే, అవతలి మనిషికి అది అబద్ధంలా వినిపిస్తుంది. బేరం మళ్లీ తవ్వడానికి బ్యాంకును అడ్డం పెట్టుకున్నాడనుకుంటాడు. కొన్నిసార్లు అది నిజం కూడా.

‘మా ఇంటి విలువ ఆ మనిషికేం తెలుసు’ అన్న కోపానికి సగం జవాబు మన చేతి రాతలోనే ఉంది. ఏళ్ల తరబడి మనం ఇళ్లు కొన్నది ఒక ధరకు, కాగితం మీద రాసింది ఇంకో ధరకు. ప్రభుత్వ మార్కెట్ విలువ ఎంతుంటే అంతే రాసి, మిగతాది సంచిలో ఇచ్చాం. కొత్త ఫ్లాటునైతే సగం కట్టినట్టు రిజిస్టరు చేయించి, మిగతా పనికి వేరే అగ్రిమెంటు రాసుకున్నాం. ఇప్పుడు ఆన్‌లైన్లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే ప్రతి లావాదేవీ పక్కన రెండు అంకెలు కనిపిస్తాయి: మార్కెట్ విలువ, ప్రతిఫలంగా చూపిన సొమ్ము. మన వీధిలో మనందరం కలిసి ఇరవై ఏళ్లుగా రాసిన సాక్ష్యం అది. 90 లక్షల ఫ్లాటుకు సాక్ష్యం అడిగితే ఆ రిజిస్టరు 45 చూపిస్తుంది. వాల్యుయర్ పాపం బయట విచారించి, పుకారు తీసేసి, మధ్యలో ఎక్కడో ఆగుతాడు. ఆయన్ను తిట్టుకునే ముందు మన దస్తావేజు తీసి చూసుకోవడం మంచిది.

ఆ అబద్ధానికి ఇంకో బిల్లు కూడా ఉంది. పై ఫ్లాటునే 2010 చివర్లో 40 లక్షలకు కొని 22 లక్షలకు రాయించారనుకుందాం. స్టాంపు ఖర్చుల్లో మిగిలింది లక్షన్నర అటూ ఇటూగా. 2025-26లో దాన్ని చివరికి 84 లక్షలకు పూర్తిగా వైట్‌లో అమ్మారు. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటికి, దేశంలో నివసించే వ్యక్తులు రెండు పద్ధతుల్లో ఏది తక్కువైతే ఆ పన్ను కట్టవచ్చు: ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా 12.5 శాతం, సర్దుబాటుతో 20 శాతం. ఆ సర్దుబాటుకు వాడే సూచీ 167 నుంచి 376కు పెరిగింది కాబట్టి 22 లక్షల కొనుగోలు 49 లక్షల 53 వేలవుతుంది. మళ్లీ ఇల్లు కొనకపోతే పన్ను, సెస్సు కాక, దాదాపు 6 లక్షల 90 వేలు. అదే 40 లక్షలని నిజం రాసుంటే సర్దుబాటు ధర 90 లక్షలు దాటేది, కట్టాల్సింది సున్నా. అందుకే అమ్మేవాడు ‘కొంత క్యాష్‌గా ఇవ్వండి’ అంటాడు. కొనేవాడికి అప్పు రావాలంటే మొత్తం కాగితం మీద ఉండాలి. పైగా స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి చట్టం నిషేధించింది. ఊపున్న మార్కెట్లో సంచితో వచ్చేవాడు ఎవడో ఒకడు దొరికేవాడు. మందగించిన మార్కెట్లో వచ్చేదంతా జీతం మీద అప్పు తీసుకునేవాళ్లే. విదేశాల్లో ఉండి ఇక్కడి ఫ్లాటు అమ్మే మనవాళ్లకు ఆ 20 శాతం ఎంపిక కూడా లేదు.

వాల్యుయర్లు దేవుళ్లేమీ కాదు. అమెరికాలోని టూసాన్ పట్టణంలో గ్రెగరీ నార్త్‌క్రాఫ్ట్, మార్గరెట్ నీల్ చేసిన ఒక ప్రయోగం 1987లో వెలువడింది. ఒకే ఇంటిని ఇళ్ల ఏజెంట్లకు చూపించి, కాగితాలన్నీ అవే ఇచ్చి, అమ్మకందారు చెప్పిన రేటు ఒక్కటి మాత్రం ఒక్కో బృందానికి ఒక్కో రకంగా చెప్పారు. ఎక్కువ రేటు విన్నవాళ్లు ఎక్కువ విలువ కట్టారు, తక్కువ విన్నవాళ్లు తక్కువ. ఆ రేటును లెక్కలోకి తీసుకున్నామని మాత్రం చాలామంది ఒప్పుకోలేదు. నిపుణుడి చెవిలోనూ పుకారు దూరుతుందన్నమాట. అమెరికా అంతటి ఇళ్ల వివరాలూ చేతిలో ఉన్న జిల్లో కంపెనీ సైతం సొంతంగా ఇళ్లు కొని అమ్మే వ్యాపారంలో ధరలు అంచనా కట్టలేక 2021 నవంబరులో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది.

కాబట్టి తక్కువ వాల్యుయేషన్‌తో పోట్లాడొచ్చు. అరుపుతో కాదు, కాగితంతో. కొనేవాడి ద్వారా రిపోర్టు తెప్పించుకుని ముందు విస్తీర్ణం చూడాలి. సూపర్ బిల్టప్ రాయాల్సినచోట ప్లింత్ రాశారా, పార్కింగు వదిలేశారా, భవనం వయసు సరిగ్గా వేశారా, వాటా స్థలం గజాలు తప్పాయా. ఇలాంటివి దొరికితే సవరణ కోరే హక్కు ఉన్నట్టే. తర్వాత, అదే అపార్టుమెంటులోనో పక్కదాంట్లోనో ఏడాదిలోపు నిజమైన ధరకు రిజిస్టరైన దస్తావేజుల నకళ్లు ఇవ్వాలి. ఒకటి రెండున్నా చాలు. అవీ లేకపోతే ఇంకో బ్యాంకుకు వెళ్లమనొచ్చు. వేరే ప్యానెల్, వేరే అంకె. రెండో బ్యాంకు కూడా 80 దరిదాపుల్లోనే ఆగితే ఇక తగువు వాల్యుయర్‌తో కాదు, మనతోనే.

అప్పుడు వేయాల్సిన లెక్క చిన్నది. 80 లక్షలు ఇప్పుడే చేతికొచ్చి 7 శాతానికి బ్యాంకులో ఉంటే ఏడాదికి 5 లక్షల 60 వేలు. ఖాళీ ఫ్లాటుకు ఆ ఏడాది మెయింటెనెన్సు, ఆస్తి పన్ను మనమే కట్టాలి. అద్దెకిస్తే నష్టం కొంత పూడుతుంది గానీ, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాకే రిజిస్ట్రేషన్ అంటాడు కొనేవాడు. పది లక్షల కోసం రెండేళ్లు ఆగినవాడు నిజానికి ఏమీ గెలవలేదు. అప్పు లేకుండా, అవసరం లేకుండా, తాను ఉంటున్న ఇల్లే అయితే మాత్రం ఆగడంలో తప్పేం లేదు. ఆ సౌకర్యం ఉన్నవాళ్లను చూసి లేనివాళ్లు రేటు చెప్పడమే తంటా.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్న తెలుగు కుర్రాడిని అడిగితే ఒక మాట చెబుతాడు. అక్కడ అప్పుతో కొనేటప్పుడు ఒప్పందానికి జతచేసే ప్రామాణిక పత్రంలోనే, అప్పిచ్చే సంస్థకు ఇంటి విలువ సరిపోకపోతే గడువులోపు కొనేవాడు తప్పుకునే వీలుంటుంది. కూకట్‌పల్లిలో అతడి నాన్నగారు తన ఫ్లాటుకు రాసుకునే అగ్రిమెంటులో అలాంటి వాక్యం చాలావరకు ఉండదు. 45 రోజుల గడువు, దాటితే అడ్వాన్సు పోతుందన్న బెదిరింపు మాత్రం ఉంటాయి. వాల్యుయేషన్ తక్కువొస్తే ఐదు లక్షల అడ్వాన్సు చుట్టూ రెండు కుటుంబాలు, ఒక మధ్యవర్తి, ఒక్కోసారి ఒక లాయరు. రాసుకోవలసింది రెండు ముక్కలే: బ్యాంకు విలువ ఫలానా మొత్తానికి తగ్గితే తేడాను ఇద్దరూ ఏ నిష్పత్తిలో భరించాలి, లేదా ఎన్ని రోజుల్లో అడ్వాన్సు తిరిగివ్వాలి. ఈ మాటలు రాయిద్దామంటే చాలామంది మధ్యవర్తులు ‘అవన్నీ ఎందుకు సార్, మనవాళ్లే కదా’ అంటారు. రాయించకపోతే పార్టీ జారిపోదని వాళ్ల లెక్క. కమిషన్ రిజిస్ట్రేషన్ నాడు వస్తుంది కాబట్టి, ఆ రోజు దాకా ఇద్దరినీ కట్టిపడేయడమే వాళ్లకు కావాలి.