డిగ్రీ నేర్పేది, ఉద్యోగం అడిగేది

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో మన ఇళ్లలో నడిచే మాటలు దాదాపు ఒకటే. ఎంసెట్ ర్యాంకు ఎంత? ఏ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ దొరుకుతుంది? అక్కడ ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి? ఈ మాటల మధ్యలో ఒక అమ్మాయి "నేను ఎకనామిక్స్ చదువుతాను" అనో, ఒక అబ్బాయి "నాకు చరిత్ర ఇష్టం" అనో అంటే ఇల్లు ఒక్కసారిగా మౌనంగా మారుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రశ్న అందరికీ తెలిసిందే: "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?"

ఈ ప్రశ్నను చులకన చేయకూడదు. అప్పు తెచ్చి ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఆ మాట అడిగే హక్కు పూర్తిగా ఉంది. అందుకే దానికి తప్పించుకునే జవాబు కాకుండా సూటి జవాబు కావాలి.

ముందుగా, లిబరల్ విద్య అంటే ఏమిటో చూద్దాం. రాజకీయాల్లో వినపడే "లిబరల్" అన్న మాటతో దీనికి సంబంధం లేదు. లాటిన్ భాషలో ఆ మాటకు మూలార్థం స్వతంత్రుడైన మనిషికి తగినది అని. బానిసకు చేతిపని నేర్పితే చాలు, సభలో మాట్లాడి నిర్ణయాల్లో పాలు పంచుకోవలసిన పౌరుడికి మాత్రం ఆలోచించడం నేర్పాలి అని పూర్వం రోమన్లు అనుకున్నారు. మధ్యయుగాల యూరపులో ఈ చదువు ఏడు విద్యలుగా స్థిరపడింది: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. ఈ రోజు దాని రూపం వేరు. విద్యార్థి ఒక సబ్జెక్టును లోతుగా చదువుతూ, దానితోపాటు భాష, సాహిత్యం, చరిత్ర, తత్వం, ఆర్థికశాస్త్రం, గణితం, విజ్ఞానశాస్త్రాల్లో తగినంత పరిచయం సంపాదిస్తాడు. కాబట్టి ఇది ఒక్క బీఏ వారి సొత్తు కాదు. ఫిజిక్స్ చదివే విద్యార్థి చరిత్ర కూడా చదివితే అదీ లిబరల్ విద్యే.

"దీనివల్ల లాభమేమిటి" అన్న తగాదా కూడా కొత్తది కాదు. అమెరికాలోని యేల్ కాలేజీ అధ్యాపకులు 1828లోనే ఈ ప్రశ్నకు జవాబుగా ఒక నివేదిక రాశారు. 1852లో డబ్లిన్‌లో జాన్ హెన్రీ న్యూమన్ ఇచ్చిన ఉపన్యాసాల్లోనూ ఇదే చర్చ ఉంది. బాగా సాధన చేసిన బుద్ధి ఏ వృత్తిలోకి వెళ్లినా ఉపయోగపడుతుందన్నది వారి వాదన సారాంశం.

ఆ వాదన నిజమో కాదో చూడటానికి డబ్లిన్ దాకా వెళ్లక్కర్లేదు. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చూస్తే చాలు. 1990ల చివర ఆ బోర్డుల మీద మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ ఉండేవి. తర్వాత జావా, డాట్‌నెట్ వచ్చాయి. ఆపైన టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, క్లౌడ్. ఇప్పుడు డేటా సైన్స్, ఏఐ. ఒకప్పుడు డాక్టర్ల మాటలు విని టైపు చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సుకు ఎంతోమంది చేరేవారు. ఈ రోజు మాట విని అక్షరాలుగా మార్చే పని యంత్రాలే చేస్తున్నాయి.

ఆ కోర్సులను తప్పుపట్టవలసిన పని లేదు. వేలాది కుటుంబాలకు అవి అన్నం పెట్టాయి. అయితే అవి చెప్పే పాఠం ఒకటుంది. ఇరవై రెండేళ్లకు ఉద్యోగంలో చేరినవారు అరవై ఏళ్ల దాకా పని చేయాలి. ఆ ముప్ఫై ఎనిమిదేళ్లలో బోర్డు ఎన్నిసార్లు మారుతుందో ఎవరూ చెప్పలేరు. మారిన ప్రతిసారీ కొత్త విషయాన్ని తనంతట తాను చదివి అర్థం చేసుకోగలవారే నిలబడతారు. మొదటి ఉద్యోగాన్ని ఒక నైపుణ్యం ఇప్పించవచ్చు. మూడో ఉద్యోగం, నాలుగో ఉద్యోగం నేర్చుకునే శక్తి మీద ఆధారపడతాయి.

ఆ శక్తి ఎలా వస్తుంది? చరిత్ర విద్యార్థికి ఒక కరువు గురించి వ్యాసం రాయమన్నారనుకుందాం. కలెక్టర్ నివేదిక ఒకటి చెబుతుంది, అప్పటి పత్రిక మరొకటి చెబుతుంది, ఊరి పాటలో ఇంకొకటి ఉంటుంది. ఎవరు ఏ ఉద్దేశంతో చెప్పారు, ఎవరిని ఎంతవరకు నమ్మాలి అని తూచి, తన అభిప్రాయాన్ని ఆధారాలతో రెండు పేజీల్లో పెట్టాలి. బ్యాంకులో అప్పు దరఖాస్తు చూసే అధికారి చేసేది అదే పని. బ్యాలన్స్ షీటు ఒకటి చెబుతుంది, దుకాణంలో సరుకు మరొకటి చెబుతుంది. రెండూ తూచి, తన నిర్ణయానికి కారణం పై అధికారికి రాసి చూపాలి.

సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. కోడ్ రాయకముందే క్లయింటుకు నిజంగా ఏం కావాలో అడిగి తెలుసుకోవాలి. అతను చెప్పినదానికీ, అతనికి అవసరమైనదానికీ తేడా పట్టుకోవాలి. దాన్ని తడబడకుండా నలుగురికీ వివరించాలి. ఇది భాష పని, మనుషుల్ని అర్థం చేసుకునే పని. కోడ్‌లో కొంత భాగం యంత్రమే రాసి ఇస్తున్న ఈ రోజుల్లో, ఆ రాసినది సరైనదా కాదా అని ప్రశ్నించగలవారి అవసరం ఇంకా పెరుగుతుంది.

వృత్తివిద్యలు ఈ సంగతిని ఎప్పుడో గుర్తించాయి. ప్రపంచ ప్రఖ్యాత సాంకేతిక సంస్థ ఎంఐటీలో ఇంజినీరింగ్ విద్యార్థి అయినా మానవీయ శాస్త్రాలు, కళలు, సామాజిక శాస్త్రాల నుంచి ఎనిమిది సబ్జెక్టులు చదివితేనే డిగ్రీ వస్తుంది. మన ఐఐటీల్లోనూ బీటెక్‌లో ఈ సబ్జెక్టులు కొన్ని తప్పనిసరి. అమెరికా మెడికల్ కాలేజీల ప్రవేశపరీక్షలో 2015 నుంచి మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం చేర్చారు. మన దేశంలో 2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, సంభాషణలపై ప్రత్యేక పాఠాలు పెట్టారు. జబ్బు పేరు తెలిస్తే చాలదు, ఆ మాటను రోగికీ ఇంటివారికీ ఎలా చెప్పాలో తెలియాలని వైద్యవిద్య ఒప్పుకుంది. సివిల్స్ మెయిన్స్‌లో ర్యాంకుకు లెక్కించే 1750 మార్కుల్లో వ్యాసానికి 250, నైతికత పేపరుకు 250. బీటెక్ పూర్తిచేసి అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చరిత్ర, రాజ్యాంగం మొదటినుంచి చదువుతున్న పిల్లలకు ఆ సంగతి బాగా తెలుసు.

మన గడ్డ మీద కూడా ఇలాంటి చదువుకు పాత చరిత్ర ఉంది. మిషనరీలు స్థాపించిన మచిలీపట్నం నోబుల్ కాలేజీ, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల తరతరాలకు ఆ చదువు అందించాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య నోబుల్ కాలేజీలో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో బీఏ చేసి, ఆపైన వైద్యం చదివారు. బందరులో డాక్టరుగా పనిచేశారు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1935లో కాంగ్రెస్ చరిత్ర రాశారు. ఒక్కరి జీవితం రుజువు కాదు. కానీ చదువు వెడల్పుగా ఉంటే మనిషి ఒకే గాడిలో ఉండిపోనక్కర్లేదని చెప్పడానికి అది మంచి ఉదాహరణ.

ఇక్కడ మరో పక్కనూ చెప్పుకోవాలి. లిబరల్ విద్య పేరుతో మన కాలేజీల్లో చాలాచోట్ల జరుగుతున్నది లిబరల్ విద్య కాదు. క్లాసులు సరిగా జరగవు. పరీక్షకు పది రోజుల ముందు గైడు కొని, "ఇంపార్టెంట్" ప్రశ్నలు బట్టీపట్టి రాస్తే డిగ్రీ వచ్చేస్తుంది. అలా వచ్చిన బీఏ ఎవరినీ ఏ పనికీ సిద్ధం చేయదు. మొదటి జీతం విషయంలో మంచి ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి చాలాసార్లు ముందే ఉంటాడన్నదీ నిజం. కాబట్టి చూడవలసింది డిగ్రీ పేరు కాదు, ఆ మూడు నాలుగేళ్లలో విద్యార్థి ఎంత చదివాడు, ఎంత రాశాడు, ఎన్నిసార్లు నిలబడి తన మాటకు కారణం చెప్పాడు అన్నదే.

మనం గమనించని అన్యాయం ఒకటుంది. శ్రీసిటీలోని క్రియా, సోనీపట్‌లోని అశోకా వంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఈ చదువుకు ఏడాదికి లక్షల్లో ఫీజు కట్టి కలిగినవారు పిల్లల్ని పంపుతున్నారు. అదే సమయంలో పేదింటి పిల్లలకు "నీకెందుకు తత్వం, చరిత్ర? ఏదో ఒక పని నేర్చుకో" అని చెబుతున్నాం. ఆలోచించడం యజమానికి, చేతిపని బానిసకు అన్న పాత రోమన్ విభజన ఇలాగే తిరిగి వస్తుంది. మొదటి తరం చదువుకునే పిల్లలకే ఈ చదువు ఎక్కువ అవసరం. ఇంట్లో పుస్తకాలు, పరిచయాలు లేనివారికి కాలేజీయే ఆ లోటు తీర్చాలి.

మరి ఏం చేయాలి? బీఏ, బీఎస్సీ చదివే విద్యార్థి దానికి తోడుగా ఒక పని నైపుణ్యం తప్పక నేర్చుకోవాలి: అకౌంట్లు కావచ్చు, డేటా విశ్లేషణ కావచ్చు, అనువాదం కావచ్చు. సెలవుల్లో ఎక్కడైనా పనిచేసి చూడాలి. బీటెక్ విద్యార్థి నెలకు ఒక పుస్తకమైనా సిలబస్ బయట చదవాలి, వారానికి ఒక పేజీ సొంతంగా రాయాలి. తల్లిదండ్రులు కాలేజీకి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ బోర్డుతోపాటు లైబ్రరీ కూడా చూడాలి. పుస్తకాలు పిల్లల చేతికి వెళ్తున్నాయా, తాళంలో ఉన్నాయా? అధ్యాపకులు పిల్లల రాత దిద్ది తిరిగి ఇస్తున్నారా? డిబేట్లు, సెమినార్లు నిజంగా జరుగుతున్నాయా?

"అది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది" అన్న ప్రశ్న మానక్కర్లేదు. దాని పక్కన ఇంకొక ప్రశ్న చేర్చాలి: ఆ ఉద్యోగం మారిపోయిన రోజున మన బిడ్డ మరొకటి నేర్చుకోగలడా? ఈ రెండింటికీ జవాబు చెప్పగల చదువునే మన పిల్లలకు వెతకాలి.