పాతాళగంగ మెట్లపై

గడచిన కార్తీకమున శ్రీశైలమందు పాతాళగంగ మెట్లు దిగుచుండగా నంద్యాల తల్లి యొకతె మాకు తోడయ్యెను. ఆమె కుమారుడు కెనడాలో చదువు ముగించి మూడేండ్ల పనియనుమతి పొందెనట. అందు రెండేండ్లు గడచినవి. "స్థిరనివాసము దొరికిన మల్లన్నకు అభిషేకము చేయించెదనక్కా" అనెను. తల్లులమందరమును మ్రొక్కుతోనే మొదలిడుదుము, మేమును అట్టివారమే. అబ్బాయి యేమిపని చేయుచున్నాడని యడిగితిమి. అంగడిలో గల్లాపెట్టెకడ నట.

సోదరీమణులారా, చిక్కంతయు నిచ్చటనే యున్నది. అచట 2015 నుండి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ యను పద్ధతి యమలులో నున్నది. అందు కెనడా అనుభవపు తరగతిలో చేరుటకు, గడచిన మూడేండ్లలో నైపుణ్యముగల యుద్యోగమున ఒక యేడాది పనిచేసి యుండవలెను. గల్లాపెట్టె పని లెక్కకు రాదు. పూర్తికాలము చదువుచు చేసిన పనియు రాదు. భాషాపరీక్ష వేరు. ముప్పదియవ యేటినుండి వయస్సునకిచ్చు మార్కులు తగ్గును. ఉద్యోగపు హామీకిచ్చు మార్కులను 2025 మార్చి 25న తీసివేసిరి. చదువు పిదప నిచ్చు ఆ పనియనుమతి జన్మమున కొకసారియే.

చెప్పుటకు మాకు నోరాడలేదు, అయినను చెప్పితిమి. ఇంక నొక యేడు మిగిలియున్నది గదా! ఆమె మెట్టుపై కూలబడి, "వాడు నాతో చెప్పనే లేదక్కా" అనెను. కొంతసేపటికి, అచట అర్ధరాత్రమని యెరిగియు, ఫోను చేతబట్టెను.