కడుపులో పుండు: సగంలో ఆపిన మందు

కడుపులో మంట అని ఎవరైనా అంటే మన పల్లెల్లో వెంటనే చెప్పే కారణాలు మూడు. వేళకు తినలేదంటారు, కారం ఎక్కువైందంటారు, లేదా దిగులు పెట్టుకున్నారంటారు. మేమూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాము. మా ఇంటి పెద్దాయనకు అర్ధరాత్రి వేళ బొడ్డు పైభాగాన మంట లేచేది. లేచి రెండు ముద్దలు తింటే కొంచెం తగ్గేది. ఆదివారం ఆరాధనలో చివరిదాకా కూర్చోలేక బయటికి వెళ్ళిపోయేవారు. మేము ఆవకాయ మాన్పించాము, కూరల్లో మిరపకాయ తగ్గించాము. ఆయన చప్పిడి తింటూ అదే బాధ పడ్డారు.

చివరకు పట్టణంలో డాక్టరుగారు నోటి ద్వారా గొట్టం వేసి చూశారు. చిన్నప్రేగు మొదట్లో పుండు ఉన్నదనీ, అది కారం వలన రాలేదనీ, హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి వలన వచ్చిందనీ చెప్పారు.

ఈ సంగతి ఒకప్పుడు డాక్టర్లకే తెలియదు. కడుపులోని ఆమ్లంలో ఏ క్రిమీ బ్రతకదని వారి నమ్మకం. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే డాక్టరు, రోగుల కడుపు పొర ముక్కలను మైక్రోస్కోపులో చూస్తూ మెలితిరిగిన క్రిములను గమనించారు. తరువాత బారీ మార్షల్ అనే యువ డాక్టరు ఆయనతో కలిశారు. ఆ క్రిమిని ప్రయోగశాలలో పెంచబోతే ఎన్నిసార్లు చేసినా పెరగలేదు. రెండు రోజులు చూసి, ఏమీ లేదని పారవేసేవారు. 1982లో ఈస్టరు సెలవులు వచ్చి ఆ పాత్రలను ఎవరూ తీయలేదు. సెలవుల తరువాత చూస్తే క్రిములు పెరిగి ఉన్నాయి! వాటికి కావలసింది మరికొన్ని రోజుల వ్యవధి మాత్రమే. అయినా లోకం నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగారు. కొద్ది రోజులకే వాంతులు పట్టుకున్నాయి, పరీక్షలో కడుపు పొర వాచినట్లు తేలింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ క్రిమి కడుపు గోడ మీది జిగురు పొరలో దూరి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచే పదార్థాన్ని తానే తయారు చేసుకుంటుంది. చాలామందికి చిన్నతనంలో ఇంట్లోవారి నుండే అంటుతుంది. అంటిన వారందరికీ పుండు పడదు. అయితే కొందరికి ఏళ్ళ తరువాత కడుపు క్యాన్సరుకు కూడా దారితీస్తుంది గనుక తేలికగా తీసుకోరాదు.

ఒక్క మందుతో ఇది చావదు. అందుకే మందులు కలిపి ఇస్తారు. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వంటిది ఒకటి, క్రిమిని చంపే క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ రెండు. సాధారణంగా 14 రోజులు, పూటకు మూడు రకాలు. ఆమ్లం తగ్గితేనే మిగతా రెండూ బాగా పనిచేస్తాయి. ఒక మందుకు లొంగని క్రిమిని రెండవది పట్టుకుంటుంది.

మా పొరపాటు ఇక్కడే జరిగింది. ఆరవ రోజుకు మంట పోయింది. నోరు చేదు, విరేచనాలు. “తగ్గింది కదా, ఇంకెందుకు” అన్నారు పెద్దాయన. మేమూ సరే అన్నాము. మిగిలిన బిళ్ళలు గూట్లో పెట్టాము. మంట తగ్గించినది ఆమ్లపు మందేననీ, క్రిమి ఇంకా లోపలే ఉన్నదనీ మాకు తోచలేదు. కొన్ని నెలలకు విరేచనం తారులాగా నల్లగా అయింది. కళ్ళు తిరిగి పడిపోయారు. పుండు నుండి రక్తం కారుతున్నదన్నారు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మేము పడిన భయం చెప్పనలవి కాదు.

రెండవసారి అవే మందులు ఇవ్వలేదు. సగం మందు తిన్న క్రిమి క్లారిత్రోమైసిన్‌కు మొండికెత్తుతుందట. ఈసారి ఆమ్లపు మందుతోపాటు బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, మొత్తం నాలుగు. ఈ మొండితనం పెరిగినందున ఇప్పుడు చాలామంది డాక్టర్లు మొదటే ఈ నాలుగూ రాస్తున్నారు. బిస్మత్ వలన కూడా విరేచనం నల్లబడుతుంది, దానికి భయపడనక్కరలేదు. కాని జిగటగా, దుర్వాసనతో ఉండి కళ్ళు తిరిగితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. పెన్సిలిన్ పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. కడుపు కొరకు పౌలు తిమోతికి చెప్పిన మాటను సాకుగా ఎత్తుకొనేవారు మనలో లేకపోలేదు. మెట్రోనిడజోల్ మింగే రోజుల్లోనూ, ఆపిన తరువాత మూడు రోజులూ మద్యం ఎంతమాత్రం కూడదు.

ఈసారి మా మనవరాలు క్యాలెండరులో రోజుకొక గీత గీసింది. పద్నాలుగు గీతలు పడేదాకా తాతను వదలలేదు. మందు ముగిసి నెల దాటాక మళ్ళీ పరీక్ష చేయించాము. దానికి రెండు వారాల ముందు నుండి ఆమ్లపు మందు ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా కనబడకపోవచ్చు. క్రిమి లేదని వచ్చింది.

ఆవకాయ తినవచ్చునా అని పెద్దాయన మొదటి ప్రశ్న. కడుపుకు పడినంత తినండి అన్నారు డాక్టరుగారు. మోకాళ్ళ నొప్పులకు కొట్లో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్ బిళ్ళలు మాత్రం చీటీ లేకుండా ముట్టవద్దన్నారు. క్రిమి లేకపోయినా అవి పుండు చేయగలవట.