చర్మద్వారమున ఔషధము

వాడిపట్టి చుట్టుపట్ల తెలుగువారి ఇండ్లలో నువ్వులనూనెతో తలంటు పూర్వాచారము. రుద్దిన నూనె ఎముకలదాక ఇంకునని పెద్దల నమ్మిక. నిజమునకు అందు అధికభాగము చర్మపు పైపొరలయందే నిలిచిపోవును. అట్లయినచో పైన పూసిన మందు రక్తమున నెట్లు చేరును?

చర్మమునకు వెలుపలి కవచము మృతకణముల పొర. దాని మందము మిల్లీమీటరులో నూరవవంతు మొదలు ఏబదవవంతు వరకు మాత్రమే. అయినను అది కోటగోడ వంటిది. కణములు ఇటుకలు, వాని నడుమనున్న కొవ్వు అతుకుసున్నము. నీటిలో కరగు మందు ఆ కొవ్వును దాటలేదు. కొవ్వులో మాత్రమే కరగునది అందే చిక్కుకొని క్రింది తేమపొరలలోనికి దిగలేదు. అణుభారము 500కు మించిన పదార్థము ఈ గోడను చొచ్చుట దుర్లభమని 2000లో ప్రకటింపబడిన ఒక సూత్రము.

కొవ్వుగోడను దాటుటకు కొవ్వుతో చేసిన వాహనమే తగునని శాస్త్రజ్ఞులకు తోచినది. గ్రుడ్డుసొనలోను సోయాగింజలలోను లభించు లెసిథిన్ నీటిలో కలిసినపుడు తనంత తానే సూక్ష్మమైన సంచులుగా ముడుచుకొనును. ఇంగ్లండున అలెక్ బాంగమ్ ఈ సంగతిని 1964లో ప్రకటించెను. వీనికి లిపోసోములని పేరు. గ్రీకున 'కొవ్వుదేహము' అని దాని యర్థము. తెలుగున 'కొవ్వుసంచి' యనిన బడిపిల్లలకును వెంటనే బోధపడును. సంచిలోని నీటియందు నీటిమందును, సంచిగోడయందు నూనెమందును ఇమిడ్చవచ్చును. 100 నానోమీటరుల సంచి యనగా మిల్లీమీటరులో పదివేలవవంతు.

1980లో కెనడాయందు మెజై, గులశేఖరము అను పరిశోధకులు ఒక స్టీరాయిడు మందును ఈ సంచులలో నింపి కుందేళ్ళ చర్మముపై పూసిరి. మామూలు పూతకంటె నాలుగైదు రెట్లు మందు చర్మమున నిలిచినది. ఒడలిలోనికి పోయినది తగ్గినది. చర్మవ్యాధికి ఇది మేలే. రక్తమున చేరవలసిన మందునకు మాత్రము ఇది చాలదు. ఈ భేదమును మరచియే చాలమంది పైపూతలన్నిటిని ఒకేగాట కట్టుచున్నారు.

సంచి గట్టిగా నుండుటయే చిక్కు. 1990 తరువాత జర్మనీలో గోడను మెత్తపరచు పదార్థమును చేర్చి, ఇరుకుసందులలో వంగి దూరగల సంచులను చేసిరి. చర్మము పైన పొడి, లోపల తేమ; ఆ తేమవైపు సంచి లాగబడునని వారి వాదము. జెరూసలేమున ఎల్కా టూయిటూ 2000లో ప్రకటించిన సంచులలో ఆల్కహాలు హెచ్చు. అది చర్మపుకొవ్వును సడలించును. సంచి చెక్కుచెదరక లోనికి పోవునా, పైననే పగిలి దారిని వదులు చేయునా యను వివాదము నేటికిని తీరలేదు. రెండవదియే తరచు జరుగుననుట యుక్తముగా నున్నది.

తెలుగునాటను ఈ కృషి జరిగినది. మ్రింగిన మందులో కొంత రక్తమున కలియకమునుపే కాలేయమున నశించును. చర్మమార్గమున ఆ నష్టము లేదు. 2011లో హనుమకొండ పరిశోధకులు రొమ్ముక్యాన్సరునకు వాడు ఎగ్జెమెస్టేనును, నీరు తగిలినంతనే సంచులుగా మారు రూపమున ఎలుకల చర్మముపై ప్రయోగించి, నోట నిచ్చినదానికంటె ఎక్కువ రక్తమున చేరినదని చూపిరి. అది ఎలుకల మాట.

సూదికి వెరచు మధుమేహరోగులు ఇన్సులినునకు పూత లేదా యని అడుగుచుందురు. ఇన్సులిను అణుభారము సుమారు 5,800. పై హద్దునకు పదకొండు రెట్లు మించినది. మెత్తని సంచులతో దానిని దాటించు ప్రయత్నములు జరిగినవి గాని, సూదికి మారుగా వైద్యులు వ్రాయదగిన పూత ఇంతవరకు వెలువడలేదు. అట్టి పూత యని ఎవరేది అమ్మినను, దానిని నమ్మి సూది మానుట ప్రాణాపాయము.