పోటీ కోత కత్తి

పోటీ కోత కత్తి అనగా నిర్ణీత వస్తువులను వరుసగా, తక్కువ సమయంలో, తక్కువ వేటులతో కోయవలసిన పోటీలలో వాడే పెద్ద కత్తి. ఈ క్రీడ ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పెరిగింది. అక్కడ దీనిని బ్లేడ్‌స్పోర్ట్స్ అని పిలుస్తారు. ఇందులో మనిషికి మనిషి ఎదురు నిలవడు. ఎదురుగా ఉండేవి కొయ్య దూలం, వేలాడే తాడు, నీటి సీసా, టెన్నిస్ బంతి, శీతల పానీయాలు త్రాగే గొట్టం వంటివి మాత్రమే. కనుక దీనిని ఖడ్గవిద్యతో గాని, కర్రసాముతో గాని పోల్చరాదు. తడిపిన చాపచుట్టలను పొడవైన ఖడ్గంతో నరికే జపాను దేశపు తమెషిగిరి కూడా వేరు విద్యయే.

నేపథ్యం

1976లో విలియం మోరాన్ అనే కమ్మరి, మరికొందరు కలిసి అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీని స్థాపించారు. సుత్తితో సాగగొట్టి కత్తులు చేసే విద్య అంతరించిపోతున్నదన్న ఆందోళన దీనికి కారణం. ఈ సంఘం తన సభ్యులకు పెట్టే పరీక్ష ప్రసిద్ధమైనది. అభ్యర్థి స్వయంగా చేసిన కత్తితో, వేలాడుతున్న అంగుళం మందపు తాడును ఒక్క వేటుతో తెంచాలి. తరువాత అదే కత్తితో దూలాన్ని రెండుసార్లు నరికి ముక్కలు చేయాలి. అటుపిమ్మట, నరకడానికి వాడిన వాదర భాగమే చేతిమీది వెంట్రుకలను గొరగగలగాలి. చివరకు ఆ కత్తిని పట్టుకారులో బిగించి 90 డిగ్రీలు వంచుతారు. కత్తి ముక్కలైతే అభ్యర్థి తప్పినట్లే. పదును, దృఢత్వం, సాగుడు గుణం అనే మూడూ ఒకే ఉక్కులో ఉండడం ఎంత కష్టమో ఈ నాలుగు అంచెలు చెప్పకనే చెబుతాయి.

కోత పోటీలు ఈ పరీక్ష స్ఫూర్తితోనే రూపుదిద్దుకున్నాయి. అట్లాంటా నగరంలో జరిగే బ్లేడ్ షో అనే కత్తుల ప్రదర్శనలో వీటి ప్రపంచ స్థాయి పోటీలు జరిగాయి. 2018లో హిస్టరీ ఛానల్ ప్రసారం చేసిన నైఫ్ ఆర్ డెత్ అనే కార్యక్రమం కోత పోటీలను సామాన్య ప్రేక్షకులకు పరిచయం చేసింది. అయితే అందులో ఖడ్గాలు, కుక్రీలు కూడా కనిపించాయి గనుక దానిని ఈ క్రీడకు ప్రమాణంగా తీసుకోరాదు.

కొలతల నియమం

బ్లేడ్‌స్పోర్ట్స్ నియమాల ప్రకారం కత్తి అలుగు పొడవు 10 అంగుళాలు (254 మి.మీ.), వెడల్పు 2 అంగుళాలు (సుమారు 51 మి.మీ.), పిడితో కలిపి మొత్తం పొడవు 15 అంగుళాలు (381 మి.మీ.) మించరాదు. ఈ హద్దులే కత్తి ఆకారాన్ని నిర్ణయించాయి. వెడల్పును హద్దు మేరకు చివరిదాకా కొనసాగించి, మొనను నిలువుగా కోసివేస్తే వేటు తగిలే చోట ఎక్కువ లోహం ఉంటుంది. అందువలన పోటీ కత్తులు చాలావరకు మొన లేకుండా, మాంసపు దుకాణంలోని కత్తిలాగా మొద్దుగా కనిపిస్తాయి. చూపులకు అందంగా ఉండే వంపు మొన కలిగిన బౌయీ కత్తి ఈ పోటీలో కొంత వెనుకబడడానికి కారణం ఇదే.

ఒకే కత్తి, పరస్పర విరుద్ధమైన పనులు

పోటీదారుడు మధ్యలో కత్తిని మార్చడు, సాన పట్టడు. ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. టూ బై ఫోర్ అని పిలిచే కొయ్య దూలం పేరుకు 2×4 అంగుళాలైనా, చిత్రిక పట్టిన తరువాత నిజానికి 1½×3½ అంగుళాలు ఉంటుంది. దీనిని తెంచడానికి బలమైన వాదర కావాలి. మరీ పలుచగా ఉన్న వాదర కొయ్యలోని ముడి తగిలితే పెచ్చులూడుతుంది, లేదా ఒక ప్రక్కకు మడతపడుతుంది. అదే కత్తి కొద్ది క్షణాల తరువాత నిలువుగా నిలబెట్టిన ప్లాస్టిక్ గొట్టాలను పడిపోకుండా కోయాలి. గొట్టానికి బరువు లేదు, ఆధారం లేదు. వాదర ఏ మాత్రం మొద్దుబారినా గొట్టం తెగదు, వంగి ప్రక్కకు తప్పుకుంటుంది. వేలాడే తాడు సంగతి కూడా ఇంతే. దాని క్రింది కొస ఖాళీగా ఉంటుంది గనుక తాడు తన జడత్వం చేత నిలిచి ఉన్న క్షణంలోనే కోత పూర్తి కావాలి. ఆలస్యమైతే తాడు కత్తితో పాటు ఊగిపోతుంది.

ఈ వైరుధ్యానికి కత్తి తయారీదారులు కనుగొన్న పరిష్కారం ఉబ్బు వాలు. అలుగు ప్రక్కలను చదునుగా కాక, కొద్దిపాటి గుండ్రదనంతో వాదర వరకు దించుతారు. గొడ్డలి చెంపలలో ఈ ఆకారాన్ని గమనించవచ్చు. ఇది కొయ్యను ప్రక్కలకు త్రోస్తుంది, కత్తి ఇరుక్కుపోకుండా చూస్తుంది. వాదరకు కొద్దిగా పైన మందం సుమారు అర మిల్లీమీటరు ఉండేటట్లు, రెండు ప్రక్కల కోణాలు కలిసి 30 నుండి 40 డిగ్రీల మధ్య ఉండేటట్లు చూసుకుంటే రెండు పనులకూ సర్దుకుంటుంది. దూలాన్ని నరికేటప్పుడు ఒకే చోట నిటారుగా కొట్టడం కంటే, కట్టెలు కొట్టేవారివలె ఎడమకు కుడికి వాలుగా వేటు వేసి పెచ్చులు లేపడం మేలు.

బరువు ఎంత ఉండాలి?

క్రొత్తవారు ఎక్కువగా పొరబడేది ఈ విషయంలోనే. బరువైన కత్తి బాగా నరుకుతుందన్న నమ్మకం సగమే నిజం. గతిశక్తి ద్రవ్యరాశికి అనులోమానుపాతంలోనూ, వేగపు వర్గానికి అనులోమానుపాతంలోనూ ఉంటుంది. అంటే కత్తి బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. చేతికి మించిన బరువు వేగాన్ని తగ్గిస్తుంది గనుక లాభం నష్టంగా మారుతుంది. 10 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు, పావు అంగుళం మందం గల ఉక్కు పట్టీ ఘనపరిమాణం సుమారు 82 ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములకు పైగా ఉంటుంది గనుక ఆ పట్టీ దాదాపు 640 గ్రాములు తూగుతుంది. వాలులు చెక్కడంలో అందులో చాలా భాగం పోతుంది, పిడి వలన కొంత తిరిగి చేరుతుంది. పూర్తయిన కత్తి 600 గ్రాముల ప్రాంతంలో ఉంటే మధ్యస్థంగా ఉన్నట్లు. తూకం కన్న బరువు నిలిచే స్థానం ముఖ్యం. అది పిడికి కొద్దిగా ముందు, అలుగు మీద ఉన్నప్పుడు వేటుకు ఊపు వస్తుంది. మరీ ముందుకు పోతే మణికట్టు త్వరగా అలసిపోతుంది, అలసిన చేయి గురి తప్పుతుంది.

ఉక్కు

తక్కువ ఖర్చులో 5160, 52100 అనే సంఖ్యలతో పిలిచే ఉక్కులు మంచివి. మొదటిది వాహనాల స్ప్రింగు పట్టీలకు, రెండవది బేరింగులకు వాడేది. పోటీలలో పేరు తెచ్చుకున్నవి మాత్రం లోహచూర్ణం పద్ధతిలో తయారైన సీపీఎం 3వి, సీపీఎం ఎం4. కరిగిన మిశ్రమాన్ని సన్నని తుంపరలుగా చిమ్మి, గట్టిపడిన పొడిని వేడి, ఒత్తిడులతో ఒక్కటి చేస్తారు. దీనివలన కార్బైడు కణాలు చిన్నవిగా, సమానంగా పరచుకుంటాయి. 3వి ఉక్కు దెబ్బకు ఓర్చుకుంటుంది. ఎం4 పదునును ఎక్కువసేపు నిలుపుకుంటుంది కాని పెచ్చులూడే అవకాశం కొంత ఎక్కువ. రెండూ పూర్తిగా తుప్పుకు అతీతం కావు. నూనె రాయవలసిందే.

మెరిసే అలలవంటి గీతలున్న డమాస్కస్ కత్తుల పట్ల మోజు ఎక్కువ. ఈనాడు ఆ పేరుతో లభించేవి రెండు రకాల ఉక్కులను పొరలుగా అతికించినవి. 1973లో మోరాన్ ప్రదర్శించి తిరిగి ప్రచారంలోకి తెచ్చినవీ ఇవే. తెలంగాణలోని కోనసముద్రం వంటి చోట్ల మూసలలో కరిగించి, పర్షియా వర్తకులకు అమ్మిన ఊట్జ్ ఉక్కు వేరు. దాని గీతలు అతుకుల వలన కాక, లోహం నెమ్మదిగా చల్లారినప్పుడు కార్బైడ్లు బారులు తీరడం వలన ఏర్పడేవి. కోత పోటీలో గీతలకు మార్కులు లేవు.

ఉన్న కత్తిని మార్చుకోవడం

ప్రత్యేకంగా చేయించుకునే స్తోమత లేనివారు అడవి పనులకు వాడే పెద్ద కత్తిని కొని మార్చుకుంటారు. మొదట చూడవలసినది పిడిలోకి సాగే లోహభాగం. దీనిని టాంగ్ అంటారు. ఇది పిడి ఆకారమంతా పరచుకొని ఉండాలి. గోడకు తగిలించే అలంకార కత్తులలో ఇది ఎలుక తోకవలె సన్నగా ఉండి, లోపల ఒక మరతో ముగుస్తుంది. అటువంటి దానితో దూలాన్ని కొడితే అలుగు ఊడి ప్రేక్షకుల మీదికి ఎగిరే ప్రమాదం ఉంది. అలుగు, టాంగ్ కలిసే మూల కూడా పదునైన లంబకోణంగా ఉండరాదు. ఒత్తిడి అంతా అక్కడ కేంద్రీకృతమై బీట పుడుతుంది. ఆ మూలను గుండ్రంగా అరగదీయడం చిన్న పనే కాని, కత్తి ప్రాణం అందులో ఉంది.

అలుగును పలుచన చేసేటప్పుడు వేడి శత్రువు. సాన యంత్రం మీద ఉక్కు లేత పసుపు రంగుకు తిరిగితే సుమారు 230 డిగ్రీల సెల్సియస్, నీలి రంగుకు తిరిగితే దాదాపు 300 డిగ్రీలు చేరినట్లు. 200 డిగ్రీల దగ్గర టెంపరింగ్ చేసిన కార్బన్ ఉక్కుకు నీలిరంగు వచ్చిందంటే అక్కడ కాఠిన్యం పోయినట్లే. పైపైన రుద్దితే రంగు పోతుంది, మెత్తదనం పోదు. చేతి వేళ్ళకు తొడుగు లేకుండా పట్టుకొని, వేడి తెలియగానే నీటిలో ముంచడం పాత కమ్మరుల అలవాటు. అదే మంచిది.

పిడి చివర కొద్దిగా లావుగా ఉంటే చేయి జారదు. వార్నిషు పూసిన నున్నని కొయ్య కంటే మైకార్టా, జి-10 వంటి పదార్థాలు నయం. సీసా తెగిన తరువాత చేయి, పిడి రెండూ తడుస్తాయన్న సంగతి మరువరాదు. పిడికి రంధ్రం చేసి మణికట్టుకు తగిలించే తాడు కట్టడం తప్పనిసరి. చాలామంది ఈ రంధ్రాన్ని పిడి చివర కాక, అలుగుకు దగ్గరగా పెడతారు. తాడు పొట్టిగా, ముందు భాగంలో ఉంటే, జారిన కత్తి గిరగిర తిరిగి ముంజేతికి తగలదు. వెనుక కట్టిన పొడవాటి తాడు కత్తిని ఆపుతుంది కాని, ఆపిన కత్తిని మనిషి మీదికే త్రిప్పుతుంది.

మార్చిన కత్తిని నేరుగా పోటీకి తీసుకుపోరాదు. మొదట మెత్తని కొయ్య, తరువాత తాడు, ఆ తరువాత దూలం అన్న క్రమంలో పరీక్షించి, ప్రతిసారీ వాదరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. మెరుపు కనిపించిన చోట వాదర మడతపడినట్లు. కంటి అద్దాలు ధరించడం, వేటు దిశలో కాలు లేకుండా నిలబడడం, చుట్టూ మనుషులను దూరంగా ఉంచడం నేర్చిన తరువాతనే పోటీదారులకు అర్హత ఇస్తారు.

భారతదేశంలో చట్టం

భారతదేశపు ఆయుధ నియమాలలో 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగు కలిగిన కత్తులు పదునైన ఆయుధాల వర్గంలోకి వస్తాయి. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు రూపొందించినవాటికి మినహాయింపు ఉంది. కొబ్బరి బొండాలు కొట్టే కత్తి ఈ మినహాయింపులోకి వస్తుంది. ఆయుధాల చట్టం, 1959లోని 4వ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాలలో ఇటువంటి ఆయుధాలను కలిగి ఉండడానికి లైసెన్సు కావాలి. 10 అంగుళాల పోటీ కత్తి ఈ హద్దును ఒక అంగుళం దాటుతుంది. విదేశాలలో ఉన్న బంధువుల చేత తెప్పించుకోదలచినవారు కొనుటకు ముందే స్థానిక పోలీసు అధికారుల వద్ద విచారించుకోవాలి. విమానంలో చేతిసంచిలో దీనిని ఎట్టి పరిస్థితిలోనూ అనుమతించరు.