గట్టు కొట్టారు సరే, కొల్లేటి కూలీకి దక్కిందేమిటి?

2006లో కొల్లేట్లోకి పొక్లెయిన్లు దిగాయి. అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను తవ్వేశారు. తవ్వుడుకు లొంగని చోట మందుగుండు పెట్టి పేల్చేశారు. సరస్సు మళ్లీ సరస్సవుతుందన్నారు, పక్షులు తిరిగొస్తాయన్నారు, ముంపు తగ్గుతుందన్నారు. చెరువుల మీద బతికే కూలినాలి జనం సంగతేమిటంటే, వేరే బతుకు చూపిస్తామన్నారు. ఆ మాటల్లో నిలబడింది ఏది, నీళ్లపాలయింది ఏది? ఇది లెక్క తేల్చుకోవాల్సిన విషయం.

కొల్లేరంటే ఏమిటో ముందు గుర్తు చేసుకుందాం. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ పల్లం అది. మెట్ట నుంచి తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, బుడమేరు మోసుకొచ్చే వరదా, డెల్టా చేల మురుగునీరూ అందులోకే దిగాలి. బయటికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. అది అరవై కిలోమీటర్ల దూరం మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. అందుకే వరదను కడుపులో పెట్టుకుని మెల్లమెల్లగా వదలడం కొల్లేటి పని. నీరు తీసిన చోట వరి వేసుకుని, నీరున్న చోట మావులు పెట్టి కొర్రమేను, మట్టగిడస, జెల్ల పట్టుకుని లంకల్లో పేదలు బతికారు. నీరు ఎవడి సొంతమూ కాదు గనుకనే వాళ్లకు ఆ బతుకు దొరికింది.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాలు పెట్టించి, సరస్సులోనే చేపల చెరువులకు చోటిచ్చింది. పేదవాడికి ఆస్తి చూపించాలన్న మాట మంచిదే. కానీ చెరువు తవ్వాలన్నా, బొచ్చె, శీలావతి పిల్ల వెయ్యాలన్నా, మేత కొనాలన్నా పెట్టుబడి కావాలి. పేదవాడి దగ్గర అది ఎక్కడిది? దాంతో సంఘం పేరు పేదలది, లీజు డబ్బున్నవాడిది అయింది. తన వాటా ఉన్న చెరువు గట్టు మీద తానే కాపలా కూలీ అయ్యాడు సభ్యుడు. ఆ వెనకాలే ఏ సంఘమూ లేని పెద్ద చెరువులు లేచాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమని ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాకెక్కింది. అయినా గట్లు లేస్తూనే ఉన్నాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాకే వాటిని కూల్చారు.

కూల్చివేత అందరికీ ఒకటే అన్నారు. నష్టం మాత్రం ఒకటి కాలేదు. పెట్టుబడిదారుకు అయిదో కాంటూరు పైన మరో చెరువుంది, పట్నంలో పలుకుబడి ఉంది. సంఘం సభ్యుడికి పోయింది ఏడాది గింజలు. పట్టిబడి కూలీకి పోయింది ఆ రోజు కూలి. జిరాయితీ పట్టా ఉన్న చిన్నరైతుకు మిగిలింది పరిహారం కోసం తిరుగుడు. కొన్నాళ్లకు కొట్టిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. లేపింది చేతిలో చిల్లిగవ్వ లేని సభ్యుడేనా?

2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అది కూడదని చెప్పింది. కుదిస్తే చిన్న పట్టాదారుకు కొంత ఊరట నిజమే. అయితే ఆ చిన్నవాణ్ణి ముందు నిలబెట్టి, వెనక నుంచి వందల ఎకరాలకు దారి చేసుకునేవాడెవడో మనం గమనించాలి. చిన్నవాడికి కావలసింది న్యాయమైన పరిహారం. దాని కోసం సరస్సును బలిపెట్టనక్కర్లేదు.

ఇక నీటి మాట. గట్టుకు గండి కొట్టి మట్టిని అక్కడే వదిలేస్తే పల్లం పల్లంగా ఉండదు, దిబ్బలవుతుంది. కిక్కిస, గుర్రపుడెక్క అల్లుకుని నీటికి అడ్డం పడతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరంతా కొల్లేటికి దిగి లంక గ్రామాలను చుట్టేసింది. ఏలూరు, కైకలూరు మధ్య రోడ్డు మీద నీళ్లు పారాయి. పైన వాగు ఆక్రమణ, నడుమ చెరువు గట్టు, కింద పూడిన ఉప్పుటేరు: మూడూ కలిసి చేసిన ముంపు అది. మూడింటినీ కలిపి సరిచెయ్యకుండా ఒక్క గట్టు కొడితే వరద ఆగదు.

అడ్డుకట్ట తీసి నీటిని బాగుచేసుకున్నవాళ్లు లోకంలో లేకపోలేదు. అమెరికాలో ఎల్వా నది మీద పాత కరెంటు డ్యాములు రెండుండేవి. వాటి వల్ల సాల్మన్ చేప ఏరు ఎక్కలేకపోయింది. దాని మీద బతికే క్లాలమ్ తెగ జనం దశాబ్దాల తరబడి పోరాడారు. 2011లో పని మొదలుపెట్టి 2014కల్లా రెండు డ్యాములూ తీసేశారు. ఒక్కసారిగా పేల్చెయ్యలేదు. మేట కొద్దికొద్దిగా కొట్టుకుపోయేలా అంచెలంచెలుగా దించారు, బయటపడ్డ నేలలో అక్కడి మొక్కలే నాటారు. చేప తిరిగొచ్చేదాకా వేట ఆపుకున్నారు. 2023లో ఆ తెగవాళ్లు ఆ నదిలో మళ్లీ చేపలు పట్టారు. వేట ఆపినప్పుడు కూడా వాళ్ల హక్కు ఒప్పందం ప్రకారం చెక్కుచెదరలేదు. అందుకే ఓపిక పట్టగలిగారు. కొల్లేట్లో మన జనాన్ని ఓపిక పట్టమన్నారు గానీ, హక్కు మాత్రం కాగితం మీద పెట్టలేదు.

కనుక రైతుకూలీ సంఘాలూ మత్స్యకార సంఘాలూ కలిసి అడగాల్సినవి ఇవి. అయిదో కాంటూరు లోపల చెరువులు ఎవరి పేరునున్నాయో, పెట్టుబడి ఎవరిదో ఊరూరా చదివి వినిపించాలి. కూల్చడం పెద్ద చెరువు నుంచి మొదలుపెట్టాలి. గట్టు మట్టిని పూర్తిగా ఎత్తించాలి, ఉప్పుటేరు పూడిక తీయించాలి. ఆ పనులు యంత్రాల కాంట్రాక్టర్లకు కాకుండా, చేతనైనంత మేరకు లంకల కూలీలకే ఇవ్వాలి. జిరాయితీ చిన్నరైతుకు పరిహారం ముందు చెల్లించి, తర్వాత భూమి తీసుకోవాలి. తెరిచిన నీటిలో వల, మావు వేసుకునే హక్కు లంకవాసులకు రాసివ్వాలి. ఇవన్నీ చేస్తే మళ్లీ గట్టు వేయడానికి వచ్చినవాణ్ణి ఆపేందుకు పోలీసు అక్కర్లేదు, లంక జనమే ఆపుతారు.