చిందోళ్ల ఇంట బాల్యం

కళాకారుల ఇంట్లో పెరగడమంటే కట్టుబాట్లు లేని దేశదిమ్మరి బతుకనీ, బడి బాధ లేని ఆటవిడుపనీ చాలామంది అనుకుంటారు. చిందు భాగోతమనే రాత్రి ఆటకు పేరున్న నిజామాబాద్ జిల్లా సంగతే తీసుకోండి. ఆ ఆట ఆడే ఇక్కడి చిందోళ్ల పిల్లలను దగ్గర నుంచి గమనిస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఊరూరా తిరగడానికీ లెక్కుండేది. ఏ మేళం ఏ ఊళ్లో ఆడాలో వంశపారంపర్యంగా వచ్చే మిరాశి హక్కే తేల్చేది, ఒకరి ఊరికి మరొకరు పోరాదు. ఆట రాత్రి మొదలైతే తెల్లవారేదాకా సాగేది. పెద్దలు ముఖానికి అర్దళం రంగు పూసుకుంటుంటే పక్కనే ఉన్న పిల్లకు రంగుల పని తెలిసేది, మద్దెల పక్కన నిద్రపోయిన పిల్లాడికి తాళం ఒంటబట్టేది. 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ ఈ జిల్లా కళాకారిణే. పసితనంలోనే వేషం కట్టి, తర్వాత ఎల్లమ్మ దేవత వేషంలోనూ మగపాత్రల్లోనూ మెప్పించిందంటే దాని వెనక ఈ శిక్షణే ఉంది. 1885లో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లోనూ పిల్లలు ఇలాగే నటులయ్యారు.

అయితే దీన్ని మరీ ముద్దుగా చెప్పుకోవడం తప్పని కొందరంటారు. చిందోళ్లు మాదిగలను అడిగి బతకాల్సిన ఆశ్రిత కులం, పిల్లల దారిని పుట్టుకే నిర్ణయించేది, అక్షరాలు అందలేదు. ఇవన్నీ నిజాలే. తిండి గింజలు చాలని రోజుల్లో కళ కడుపు నింపదు కూడా. కానీ ఆ అన్యాయాన్ని ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఇళ్లలో నడిచినది చదువు కాకుండా పోదు. పాట, పద్యం, అడుగు, వేషం, జనం ముందు జంకు లేకుండా నిలబడటం: ఇన్ని నేర్పే బడి మన దగ్గర ఎక్కడుంది?

భాగోతాన్ని బడి చంపిందనే మాట కూడా సగమే నిజం. సినిమా, టీవీ వచ్చి రాత్రి ఆటకు జనం తగ్గారు, మిరాశి రాబడి ఎండిపోయింది. పిల్లలు వెళ్లిపోయింది ఆ తర్వాతే. 2009 విద్యాహక్కు చట్టం వాళ్లను బడికి రప్పించడం న్యాయమే. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం, చదువు చెడకుండా బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ పిల్లలు కుటుంబ వృత్తిలో సాయపడొచ్చు. అంటే చట్టం అడ్డు కాదు, ఆడించే మేళాలే కరువయ్యాయి. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం కళలను పాఠంగా చెబుతుంది, కానీ అక్కడికి చేరేది పెద్దయ్యాకే. మద్దెల చప్పుడు చిన్నప్పుడే చెవిన పడాలంటే చిందోళ్ల ఊళ్ల ప్రాథమిక బడిలోకి చిందు కళాకారుణ్ని జీతమిచ్చి పిలవాలి.